రోజుకు రెండు రూపాయలు

గేబ్రియెల్ జెవిన్ నవల ‘టుమారో, అండ్ టుమారో, అండ్ టుమారో’ 2022లో వచ్చింది. వీడియో గేములు తయారుచేసే ఇద్దరు మిత్రుల కథ అని విని చాలాకాలం పక్కన పెట్టాను. మొన్న రాత్రి డ్యూటీల నడుమ తెరిచాను. యాభై పేజీలు దాటకముందే మూసి కూర్చోవలసి వచ్చింది.

కారు ప్రమాదంలో పాదం నుజ్జయిన శామ్ ఆసుపత్రిలో ఎవరితోనూ మాట్లాడడు. సేడీ అనే అమ్మాయి అతనితో ‘సూపర్ మారియో’ ఆడుతూ నోరు విప్పిస్తుంది. ఆ గంటలన్నీ ఆమె సమాజసేవ కింద లెక్క రాసుకుంటున్నదని తరువాత బయటపడుతుంది. మొత్తం 609 గంటలు.

నా లెక్క అంత పెద్దది కాదు.

1995 వేసవిలో మా పిన్ని కొడుకు రుమాటిక్ జ్వరంతో గుంటూరులో మంచం పట్టాడు. మూడు వారాలకొక పెన్సిలిన్ సూది, పరుగులు నిషిద్ధం. వాడి కోసం మామయ్య మద్రాసు బర్మా బజారు నుంచి బ్రిక్ గేమ్ తెచ్చాడు. అడ్డంగా పది, నిలువుగా ఇరవై గడులున్న బూడిదరంగు తెర. కరెంటు పోతే కనిపించదు, కిటికీ వైపు వంచి ఆడాలి. దానికి మూలమైన టెట్రిస్‌ను 1984లో మాస్కోలో పజిత్నోవ్ రాశాడని మాకేం తెలుసు? మాకది ఇటుకల ఆట, అంతే. వేగం పెరిగేకొద్దీ వాడి మెడ దగ్గర నాడి ఎగిరిపడడం కనిపించేది. వైద్య కళాశాలలో మొదటిసారి మైట్రల్ మర్మరం విన్ననాడు నాకు గుర్తొచ్చింది ఆ మెడే.

సాయంత్రం వరండాలో పిన్ని నా చేతిలో రెండు రూపాయలు పెట్టేది. “వాడితో అనకు నాన్నా” అనేది. అనలేదు. డబ్బు ఇవ్వని రోజు మరునాడు వెళ్లలేదు కూడా. అటువంటివి రెండు, మూడు రోజులున్నాయి.

నవల నడుమ వ్యాపార వివరాలు కొంత సాగినా, పట్టుబడిన స్నేహాన్ని జెవిన్ తేలికగా క్షమించదు. అందుకే చివరిదాకా చదివాను.

తమ్ముడికి ఇప్పుడు లోహపు కవాటం. కిందటిసారి వెళ్లినప్పుడు డాబా మీద పక్కన పడుకుంటే, ఊరు సద్దుమణిగాక దాని టిక్కుటిక్కు వినిపించింది. ఆదివారం ఫోన్‌లో వాడికి ఈ కథ 609 గంటల దాకా చెప్పి ఆగాను.

“ఆ పిల్లాడికి కాలు బాగయిందా అన్నయ్యా?” అన్నాడు.

“లేదురా, చివరకు తీసేయవలసి వచ్చింది.”

రూపాయల మాట ఆ రోజూ ఎత్తలేకపోయాను.