ఎలుకల గది

మాది మాదిగపల్లె. మా నాయన చచ్చిన గొడ్ల తోలు ఒలిచేవాడు. నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి 1988లో పరిశోధనకి చేరాను. మొదటి వారమే మా గైడు ఎలుకల గది తాళం నా చేతిలో పెట్టాడు. నాతో చేరిన మిగతా ఇద్దరికీ లేబొరేటరీలో ఫ్యాను కింద బల్లలు దొరికాయి.

ఆడ ఎలుకల్లో పునరుత్పత్తి హార్మోన్లు కొలవటం మా పని. ఎలుకకి రుతుచక్రం నాలుగైదు రోజులే. రోజూ పొద్దున్నే యోనిద్రవం చుక్క స్లైడు మీద వేసి ఏ దశో రాసుకోవాలి. కేంద్రకమున్న గుండ్రటి కణాలు గుంపుగా కనపడితే ఆ సాయంత్రం ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగుస్తుంది. అది తప్పిపోతే మళ్లీ నాలుగు రోజులు ఆగాలి. పండగ లేదు, ఆదివారం లేదు.

మత్తిస్తే హార్మోన్లు తారుమారవుతాయి. అందుకని నెత్తురు కోసం మెడ నరికేవాళ్లం. ఆ కత్తి దగ్గర ఎవరు నిలబడాలన్న మాటొచ్చినప్పుడు గైడు నా వైపు చూశాడు. "మీ వాళ్లకిది అలవాటేగదయ్యా" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా నాయన చచ్చినదాన్ని ఒలిచాడేగానీ బతికున్నదాన్ని ఏనాడూ కొయ్యలా. ఆ మాట అప్పుడు నోటికి రాలా. ఇప్పటికీ ఆ నవ్వే నన్ను తింటది.

సీరం రేడియో ఇమ్యునో ఎస్సేకి పోయేది. రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన హార్మోనూ, ఎలుక హార్మోనూ ఒకే యాంటీబాడీ కోసం పోటీపడతాయి. ఎలుకది ఎక్కువైతే అయోడిన్‌ది తక్కువ అంటుకుంటుంది. ఈ పద్ధతి కనిపెట్టిన ఇద్దరిలో రోజలిన్ యాలో ఒకరు. యూదు, పైగా ఆడమనిషి అని ఆమెకి పైచదువు అవకాశమివ్వటానికి వెనకాడారు. 1977లో నోబెల్ వచ్చింది. మాకు పద్ధతి పాఠం చెప్పారు, ఈ సంగతి మాత్రం చెప్పలా.

ఒకసారి ఒకే దశలో ఉన్న ఎలుకల్లో కొన్నిటికి ప్రొలాక్టిన్ బాగా ఎక్కువొచ్చింది. కిట్టు పాడైందన్నారు. నేను నోటుబుక్కు తిరగేశా. ఎక్కువొచ్చినవన్నీ నేను ఊరెళ్లిన నాలుగు రోజుల్లో వాళ్లిద్దరూ పట్టినవి. భయపడితే ఎలుకలో ప్రొలాక్టిన్ నిమిషాల్లో పెరుగుద్ది. నా చేతికైతే అవి అలవాటుపడి ఉన్నాయి. మా ఊళ్లో మంచినీళ్ల బావి ముట్టనివ్వని చెయ్యి అది.

"ఇకనించి అన్నీ నువ్వే పట్టు" అన్నాడు గైడు. పేపరు అచ్చయింది. పైన వాళ్ల పేర్లు. నా పేరు చివర్న, జంతువుల్ని చూసుకున్నందుకు కృతజ్ఞతలన్న చోట.

2013లో చిట్టెలుక తోక కొస నించి తీసిన నాలుగైదు మైక్రోలీటర్ల నెత్తురుతో ఎల్‌హెచ్ కొలిచే పద్ధతి వచ్చింది. చంపక్కర్లా. కానీ ముందు రోజుల తరబడి చేత్తో పట్టి అలవాటు చెయ్యాలి. నా దగ్గర చేరిన పిల్లలందరికీ పంజరాలు కడిగే వంతులు వేశా. ఒకమ్మాయి తల్లి ఫోను చేసింది, మా పిల్లచేత ఆ పని చేయిస్తారా అని.

"సోమవారం నాదమ్మా, మంగళవారం మీ అమ్మాయిది" అన్నా.