ఫార్మాట్ కొట్టే ముందు

సిస్టమ్ స్లో అయిందా? ఫార్మాట్ కొట్టెయ్. వైరస్సా? ఫార్మాట్ కొట్టెయ్. మనవాళ్ళ వైద్యమంతా ఈ ఒక్క మాత్రే. ఇంట్లో ఒక్కడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉంటే చాలు, చుట్టాలందరి కంప్యూటర్లకీ వాడే ఆర్ఎంపీ డాక్టరు.

ఈసారి పేషెంటు మా నాన్నగారి డెస్క్‌టాప్. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10. ఆన్ చేసి కాఫీ తాగొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. సరే, ఏదో ఒకటి ఎక్కించాల్సిందేనని నేనూ మా తమ్ముడూ కూర్చున్నాం.

విండోస్ 11 కుదరదు. దానికి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు, టీపీఎం 2.0 కావాలి. అడ్డదారులున్నాయి గానీ, రేపు అది మొరాయిస్తే ఊళ్ళో చూసేదెవరు? 'రీసెట్ దిస్ పీసీ'లో 'కీప్ మై ఫైల్స్' అంటే ఫైళ్ళుంటాయి, వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. మా తమ్ముడు లినక్స్ మింట్ అన్నాడు. పాత మెషీన్‌కి మంచి మాటే.

నాన్నగారు అంతా విని, "ఏదైనా చేసుకోండిరా, నా తెలుగు మాత్రం పోకూడదు" అన్నారు.

అసలు సంగతి అక్కడుంది. ఆయన 2003 నుంచి మా ఊరి చరిత్ర రాస్తున్నారు. చెరువు ఎవరు తవ్వించారు, ఏ ఇంటిపేరువాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఇలాంటివన్నీ. చెప్పిన ముసలివాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. రాసిందంతా యూనికోడ్ ముందుకాలపు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది. కానీ అప్పటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కలు పెట్టుకునేవి. ఆ ఫాంటు లేకుండా తెరిస్తే ఊరి చరిత్ర కాస్తా పిచ్చి గీతలు. ఆ సాఫ్ట్‌వేర్ సీడీ ఎప్పుడో పోయింది, అమ్మినాయన కొట్టు మూసేశాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఇక్కడ 'క్లీన్ ఇన్‌స్టాల్' అంటే ఇరవై ఏళ్ళ పని క్లీన్ అయిపోవడమే.

ఆఫీసులో సర్వర్ పాడైతే మనం బాధపడం. దాన్ని చంపేసి ఐదు నిమిషాల్లో ఇంకోటి లేపుతాం. ఎందుకంటే కోడ్ గిట్‌లో ఉంటుంది, డేటా ఇంకో చోట ఉంటుంది, ఎలా కట్టాలో స్క్రిప్టులో ఉంటుంది. ఇంటి కంప్యూటర్లో ఈ మూడూ ఒకే డిస్కులో ఉంటాయి. స్క్రిప్టు ఎవడూ రాయలేదు. ఆఫీసు ధైర్యం ఇంట్లో పనికిరాదు.

అందుకని ప్రశ్న మార్చాం. ఏ ఓఎస్ బాగుంటుందని కాదు, ఇందులో మళ్ళీ దొరకనిది ఏది అని. సమాధానం దొరికాక మిగతాది సులువే. నాన్నగారి వాట్సాప్, యూట్యూబ్, బ్యాంకు అన్నీ ఫోన్లోనే. కంప్యూటర్ రాసుకోవడానికే. అంటే దానికి నెట్టే అక్కర్లేదు.

ముందు ఫైళ్ళన్నీ పీడీఎఫ్ చేశాం. ఫాంటు అందులోనే ఇమిడిపోతుంది కాబట్టి ఎక్కడైనా చదువుకోవచ్చు. ఫాంట్ల ఫోల్డరూ, అసలు ఫైళ్ళూ రెండు చోట్ల కాపీ పెట్టాం. తర్వాత పాత డిస్కుకి తక్కువ కాని సైజు ఎస్ఎస్‌డీ కొని, క్లోన్‌జిల్లాతో డిస్కుని యథాతథంగా దించాం. క్లోన్ అయ్యాక పాత డిస్కు పీకేసి గానీ బూట్ చెయ్యకూడదు. రెండిటికీ ఒకే గుర్తు ఉంటుంది కాబట్టి విండోస్ తికమకపడుతుంది. నెట్‌వర్క్ కేబుల్ తీసేశాం. పాత డిస్కు బీరువాలో ఉంది.

సపోర్టు లేని ఓఎస్ ఉంచడమేమిటని మీరనొచ్చు. నెట్‌కి తగిలించే మెషీనైతే నేనూ అదే అంటాను. దీనికి పెన్‌డ్రైవ్ ఒక్కటే దారి, అది నాన్నగారిది మాత్రమే.

ఇంకా పని మిగిలే ఉంది. పీడీఎఫ్‌లో దిద్దుకోలేం, వెతుక్కోలేం. ఆ ఫైళ్ళని యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు తప్పినచోటల్లా నాన్నగారి చేతే సరిచూపించాలి. ఓఎస్ ఎప్పుడైనా ఎక్కించుకోవచ్చు. ఈ పని మాత్రం ఆయన ఓపిగ్గా కూర్చోగలిగినన్నాళ్ళే.