ఉస్తాద్ ఎవరైతే బాగుంటది?

మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇలాకాలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు తక్కువే. క్రికెట్ జమానా ఇది. కానీ ఆ కొద్దిమందీ ఒకచోట కూచుని కోచ్ గురించి బహస్ మొదలుపెట్టారా, ఇక ఎవరూ ఆపలేరు. ఆట చూసేది ఫోన్లో. ఫైసలాలు మాత్రం ఫెడరేషన్ ఆఫీసులో కూచున్నట్టు ఇస్తారు.

2025 నవంబర్ 18న ఢాకాలో భారత జట్టు బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడింది. ఆ వారంలోనే కోదాడలో ఒక వలీమా దావత్. బిర్యానీ అయింది, ఖుబానీ కా మీఠా అయింది. షామియానా కింద కుర్చీలు గుండ్రంగా లాక్కుని నలుగురం మిగిలాం. నేను, కోదాడలో బీటెక్ చదివే ఒక పిల్లగాడు, సూర్యాపేట హైవే పక్కన లారీలు బాగుచేసే మెకానిక్ ఒకాయన, మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తా ఒకాయన.

"ఖాలిద్ జమీల్‌ని దించెయ్యాలె చాచా" అన్నాడు పిల్లగాడు. "సింగపూర్ మీద ఓడినం, బంగ్లాదేశ్ మీద ఓడినం. 2027 ఆసియా కప్పుకు పోకుండ అయింది. ఇంకేం గావాలె?"

"ఆయనొచ్చిందే ఆగస్టుల. నాలుగు నెలలు గూడ గాలే. వచ్చీరాంగనే ఒమన్ మీద గెల్చి మూడో స్థానం తెచ్చిండు గద. అప్పుడు నువ్వే స్టేటస్ పెట్టినవ్!" అన్నాడు మిల్లు భాయ్.

స్టేటస్ పెట్టింది వాడొక్కడే కాదు. 13 ఏళ్ల తర్వాత ఒక హిందుస్తానీకి జాతీయ జట్టు అప్పగించారు. 170 మంది దరఖాస్తు పెడితే ముగ్గురు మిగిలారు, ముగ్గురిలో ఖాలిద్ మిగిలాడు. ఆ రోజు మా గల్లీల్లో కొందరు ఆయన పేరు చూసి ఖుషీ అయ్యారు. వాళ్లను నేను తప్పుపట్టను. తమలాంటి పేరొకటి పెద్ద కుర్చీలో కనిపిస్తే ఎవరి దిల్ అయినా ఉప్పొంగుతుంది. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పేరు చూసి పుట్టిన మొహబ్బత్‌కు ఆయుష్షు తక్కువ. రెండు మ్యాచ్‌లు ఓడగానే అదే పేరు మీద నఫ్రత్ కక్కేవాళ్లు తయారవుతారు. పనిని చూసి ఇచ్చే ఇజ్జత్ అయితే ఓటమికి కూడా తట్టుకుంటుంది.

ఖాలిద్ పని ఏమిటంటే, 2017లో ఐజ్వాల్ జట్టుతో ఐ-లీగ్ గెలవడం. మిజోరం కొండల్లోని చిన్న క్లబ్ అది. ముందటి సీజన్లో కింది డివిజన్‌కు జారిపోయి, మళ్లీ అవకాశం దొరికి వచ్చిన జట్టు. డబ్బున్న క్లబ్బులన్నీ వెనక పడ్డాయి. మాలాంటి చిన్న ఊళ్లవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

బహస్ అక్కడి నుంచి మా పాత గాయం దగ్గరికే వచ్చింది. హైదరాబాద్ ఎఫ్‌సీ, మనోలో మార్కెజ్.

2019లో పుట్టిన ఆ క్లబ్‌కు మొదటి కోచ్ ఫిల్ బ్రౌన్. సీజన్ మధ్యలోనే ఆయన్ను పంపేశారు, జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. తర్వాత అనుకున్న ఆల్బర్ట్ రోకా బార్సిలోనా పిలిస్తే వెళ్లిపోయాడు. అప్పుడు హడావిడిగా 2020 ఆగస్టు ఆఖర్లో మనోలోను తెచ్చారు. ఈ స్పెయిన్ ఆయనెవరో మాలో చాలామందికి తెలియదు. రెండో సీజన్ ముగిసేసరికి, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్‌ఎల్ ఫైనల్. 88వ నిమిషందాకా వెనకబడి ఉన్నాం. సాహిల్ తవోరా గోల్‌తో 1-1. పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. కప్పు మనది!

"మనోలో వచ్చిండు, కప్పొచ్చింది. 2023ల మనోలో పోయిండు, ఆట బోయింది. ఆఖరికి టీమే బోయింది" అన్నాడు పిల్లగాడు. "అందుకే చెప్తున్న, ఉస్తాదే సబ్ కుచ్."

అంతవరకు చాయ్ చల్లార్చుకుంటూ కూచున్న మెకానిక్ అప్పుడు నోరు తెరిచాడు. "ఉస్తాద్ అంటే నాకు చెప్పకు బేటా, మా షెడ్డుల దినాం అదే మాట. డ్రైవర్ ఎంత తోపైనా డీజిల్ లేకుంటే బండి కదుల్తదా? మనోలో పోయినంక జీతాలే దొరకలే. ఫారిన్ ప్లేయర్లు ఒక్కొక్కడు సామాన్ సదురుకుండు. మిగిలిన పోరగాండ్లను పట్టుకుని సింగ్టో సాబ్ ఏం చేస్తడు? అదే మనోలో ఇండియా టీంకు వచ్చి ఎనిమిది మ్యాచుల్ల ఎన్ని గెల్చిండు? ఒక్కటి. మనిషి అదే, బండి వేరు."

వాడి దగ్గర జవాబ్ లేదు. నిజానికి ఈ సవాల్‌కు దునియా మొత్తంలో ఎవరి దగ్గరా పక్కా జవాబ్ లేదు. మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు 2013లో ఫెర్గూసన్ దిగిపోయిన దగ్గర్నుంచి ఇదే బహస్ చేస్తున్నారు. ఆ ఫెర్గూసన్ కూడా 1986లో వచ్చి, మొదటి కప్పు కోసం 1990 దాకా ఆగాడు.

సబర్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి మనం ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు. కోదాడ నుంచి బస్సెక్కి హైదరాబాద్ పోతే చాలు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతుల్లోకి తీసుకున్నారు, 1963లో కన్నుమూసేదాకా వదల్లేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ ఆ జట్టుదే. జాతీయ జట్టుకు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడారు. పది గోల్స్! ఈ రోజుల్లో అయితే విమానం దిగకముందే ఉద్యోగం ఊడేది. కానీ 1956లో మెల్‌బోర్న్‌కు కూడా ఆయన్నే పంపారు. ఒలింపిక్స్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే. 1962లో జకార్తాలో, ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ బంగారం. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు ఈ కథ తెలుసు.

ఆయన జట్టులో బలరాం ఉన్నాడు, తంగరాజ్ ఉన్నాడు, చునీ గోస్వామి, పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ ఉన్నారు. పేరు చూసి ఎవరినీ తీసుకోలేదు, పేరు చూసి ఎవరినీ ఆపలేదు. పిల్లలకు డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టేవారు, బంతిని పట్టుకుని కూచోకుండా వెంటనే దోస్త్‌కు అందించడం అలవాటు కావాలని. ఆ నేల నుంచే తర్వాత నయీముద్దీన్ వచ్చాడు. కలకత్తా పోయి ఈస్ట్ బెంగాల్‌కూ మోహన్ బగాన్‌కూ కోచింగ్ ఇచ్చాడు, ద్రోణాచార్య అందుకున్నాడు. ఒకప్పుడు హైదరాబాద్ దేశానికి ఉస్తాద్‌లను పంపింది. ఇప్పుడు మన ఐఎస్‌ఎల్ క్లబ్బే 2025లో ఢిల్లీకి తరలిపోయి, పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. శ్రీనిధి డెక్కన్ ఒక్కటే దిలాసా.

ఈ హిసాబ్ అంతా విన్నాక మిల్లు భాయ్ అన్న మాటే నాకు ఎక్కువగా గుచ్చుకుంది. "మా పిల్లగాడు మంచిగ ఆడతడు భాయ్‌సాబ్. కానీ వాళ్ల బడిల పీఈటీ సార్ పోస్టు ఖాళీ ఉండబట్టి ఎన్నో ఏండ్లాయె. ఎవరు నేర్పాలె వానికి?"

మనలో ఎవరమూ బహస్ చేయని నియామకం అది. రహీం సాబ్ అసలు పేషా ఏమిటో తెలుసా? బడి పంతులు. పిల్లల కాళ్లను చూసి, ఎవడిలో ఏముందో పసిగట్టే నజర్ ఆయనకు బడిలోనే వచ్చి ఉంటుందని నా నమ్మకం. జాతీయ జట్టుకు ఎవరు కోచ్ అయినా, పదకొండేళ్లకే బంతిని సరిగ్గా తన్నడం నేర్చుకోని పిల్లవాణ్ణి ఇరవై ఐదేళ్లకు పది రోజుల క్యాంపులో మార్చలేడు. డీజిల్ పోయాల్సింది ఇక్కడ.

ఖాలిద్ ఉండాలా పోవాలా అన్న బహస్ ఆపమని నేను చెప్పను. అది అభిమానుల హక్, దాంట్లో మజా ఉంది. నేను చెప్పేదల్లా, కొత్త ఉస్తాద్ పేరు వినగానే ఇంకో మూడు సవాళ్లు కూడా అడగమని. ఆయన చేతికి ఏ జట్టును ఇస్తున్నారు? ఎన్నేళ్లు ఇస్తున్నారు? జీతాలు టైముకు ఇస్తారా? ఆ తర్వాత నాలుగోది, మన ఊరి ఎంఈఓ ఆఫీసు ముందు నిలబడి అడగాల్సింది: మా బడికి పీఈటీ సార్ ఎప్పుడొస్తాడు?

మిల్లు భాయ్‌తో నేనూ, మెకానిక్ భాయ్ అర్జీ రాసి సంతకాలు పెట్టాం. ఫోన్ చేసి చెబితే బీటెక్ పిల్లగాడు కూడా పెడతానన్నాడు. "అయినా చాచా, ఖాలిద్ ఫార్మేషన్ మాత్రం గలతే" అన్నాడు. అననివ్వండి.