నిత్యపు తలనొప్పి

మా భీమ్‌గల్‌లో బీడీలు చుట్టి సంసారము నడుపుకొను స్త్రీలు పెక్కుమంది. నేనును వారిలో ఒకతెను. తునికాకు కత్తిరించుచు, పొగాకు ధూళిలో మెడవంచి కూర్చుండుటచే తలనొప్పి నాకు నిత్యమైపోయినది. పని మానిన కూలి లేదు. కావున నొప్పివచ్చిన దినములను, మాత్ర వేసికొన్న దినములను క్యాలెండరుపై గుర్తించి వైద్యునకు చూపితిని. ఆయన చెప్పినది మీకును ఉపకరించును: సామాన్యపు నొప్పిమాత్రయైనను నెలకు 15 దినములు, అంతకు మించియు, 3 నెలలకు పైగా వాడినచో అదియే తలనొప్పిని పెంచవచ్చును. హఠాత్తుగా భరింపరాని నొప్పి వచ్చినను, చూపు మందగించినను జాగు చేయరాదు. ఇప్పుడు గంటకొకసారి లేచి మెడ సాగదీయుదును, వేళకు భుజింతును, వేళకు నిద్రింతును. నొప్పి పూర్తిగా పోలేదు. అయినను గుర్తులేని దినములు క్యాలెండరుపై కానవచ్చుచున్నవి.