నేరం పాలది కాదు

ఆవకాయ జాడీలో బూజు కనిపిస్తే చాలు, "తడి చెయ్యి పెట్టిందెవరు?" అంటూ ఇంటావిడ మీదకి వస్తారు. పసిబిడ్డ నాలుక మీద బూజు కనిపించినా అంతేనండీ, వెతుకులాట తల్లి దగ్గరే ఆగుతుంది!

మా మేనకోడలు పురిటికి పుట్టింటికి వచ్చింది. మూడో వారంలో పిల్లవాడి నాలుక మీదా, బుగ్గల లోపలా పెరుగు తరకల్లా తెల్లని పూత. చూడవచ్చిన అత్తగారు ఒక్క మాటలో తేల్చేశారు. "పథ్యం సరిగా లేదు, పాలు చెడ్డాయి. డబ్బా పాలు పట్టండి." ఇంకెవరో తేనె రాయమన్నారు. (ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించనే కూడదు.) పిల్ల తల వంచుకుని కూర్చుంది. బిడ్డ నోరు పెట్టినప్పుడల్లా సూదులు గుచ్చినట్టుంటోందనీ, తన పాలే విషమయ్యాయేమోనని రాత్రుళ్లు ఏడుస్తోందనీ మర్నాడు డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే గానీ బయటపెట్టలేదు.

పాల మరకైతే తడిగుడ్డతో మెల్లగా అద్దితే వచ్చేస్తుంది. ఈ పూత అంత సులువుగా రాదు. గీకితే కింద ఎర్రగా పచ్చిపుండు తేలి రక్తం వస్తుంది. దీని పేరు క్యాండిడా అల్బికన్స్. లాటిన్‌లో మొదటి మాటకీ తెలుపే, రెండో మాటకీ తెలుపే అర్థం, మన నడిసెంటరులాగ! రొట్టెను పొంగించే ఈస్టుకు చుట్టం. చాలామంది ఒంట్లో చప్పుడు చెయ్యకుండా పడి ఉంటుంది. కానుపువేళ తల్లి నుంచి బిడ్డకు అంటుకోవచ్చు. యాంటీబయాటిక్ వాడితే మేలు చేసే క్రిములు చచ్చి, దీనికి చోటు దొరుకుతుంది. తడిగుడ్డల కింద తొడల ముడతల్లోనూ ఎర్రగా పేలుతుంది. ఇందులో తల్లి తిన్న కూరల నేరమేముంది?

డాక్టరమ్మ ఇద్దరికీ ఒకేసారి మందిచ్చింది, బిడ్డకు నోట్లో, తల్లికి రొమ్ము మీద. ఒకరికే వేస్తే రెండోవారి నుంచి మళ్లీ అంటుకుంటుందట. పాలు మాన్పించనక్కరలేదంది. నోట్లో పెట్టే పీకలుంటే రోజూ మరిగించమంది.

ఈ పూతకు వాడే మందుల్లో నిస్టాటిన్ ఒకటి. 1950లో దాన్ని కనిపెట్టినది ఇద్దరు ఆడవాళ్లు, ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్. ఒకరు న్యూయార్క్ నగరంలో, ఒకరు ఆల్బనీలో. ఊరూరి మట్టిలోని సూక్ష్మజీవులను హేజెన్ పెంచి సీసాల్లో పోస్టు చేస్తే, బ్రౌన్ వాటి సారం తీసి తిరిగి పోస్టు చేసేది. కావలసినది చివరికి వర్జీనియాలో హేజెన్ స్నేహితుల పొలం మట్టిలో దొరికింది. మందు మీద వచ్చిన కోటీ ముప్ఫై లక్షల డాలర్ల పైచిలుకు రాయల్టీ అంతా సైన్సు పరిశోధనలకే ఇచ్చేశారు. మందుకు తమ పేర్లయినా పెట్టుకున్నారా అంటే అదీ లేదు, న్యూయార్క్ స్టేట్ పేరు పెట్టారు.