సగం కోసిన బంతులు

మాది షోలాపూర్. ఇంటి వెనక షెడ్డులో నాలుగు సాంచాలున్నాయి. అవి నడిచినంతసేపు ఇంటి నేల సన్నగా వణుకుతూనే ఉంటుంది. అందుకే తాత తన రికార్డు ప్లేయర్‌ను సాంచాలు ఆగాక రాత్రిపూటే పెట్టేవాడు. అప్పుడు కూడా తమ్ముడు పరుగెత్తితే ముల్లు ఎగిరి పాట తప్పేది.

రికార్డు గాడిలోని సన్న వంకరల వెంట ముల్లు కదిలితేనే పాట వస్తుంది. నేల కదిపినా అది కదులుతుంది. ముల్లుకు తేడా ఏం తెలుసు!

వణుకు ఆపే కాళ్లు దుకాణంలో దొరుకుతాయి. ధర అడిగి వచ్చేశాను. రెండు పాత టెన్నిస్ బంతులు సగానికి కోసి, ప్లేయర్ నాలుగు మూలల కింద బోర్లించాను. సమానంగా కోయలేదేమో, ఒక పక్కకు ఒరిగింది. అట్టముక్క పెట్టి సరిచేశాను.

తిరగని రికార్డు మీద ముల్లు ఉంచి, సౌండు పెంచి, బల్లను తట్టి చూశాను. ఇదివరకు స్పీకర్లో 'ధడ్' మనేది, ఇప్పుడు చిన్న 'టుప్'. తమ్ముణ్ని గంతులెయ్యమన్నాను. ముల్లు ఎగరలేదు.

మర్నాడు పట్టపగలే తాతను పిలిచి పాట పెట్టాను. సాంచాల చప్పుడు గాలిలో వస్తూనే ఉంది, దాన్ని బంతులేం చేస్తాయి? పైగా ఇన్నేళ్ల సాంచాల పనితో తాతకు చెవులు మందగించాయి. ఆయన ప్లేయర్ అంచు మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఊరుకున్నాడు.

"వణుకుడు తగ్గిందిరా," అన్నాడు. రెండో వైపు కూడా వెయ్యమన్నాడు.