బండి గాడి

మా టీమ్‌లో ఏ రిలీజ్ అయినా బోల్తా కొడితే చాట్‌లో ఎవరో ఒకరు పాతకాలపు కంప్యూటర్ తెర బొమ్మ ఒకటి పెట్టేవాళ్ళు. బండి మీద వెళ్తున్న ఎవరో విరేచనాలు పట్టుకుని చనిపోయారని అందులో ఉండేది. అమెరికన్లందరూ నవ్వేవాళ్ళు. అర్థం కాకపోయినా నేనూ నవ్వేవాణ్ణి. చాన్నాళ్ళకి తెలిసింది, అది 'ఆరెగాన్ ట్రైల్' అనే గేమ్‌లోదని. 1971లో మిన్నెసోటాలో టీచర్ ట్రైనింగ్‌లో ఉన్న ముగ్గురు కుర్రాళ్ళు చరిత్ర పాఠం కోసం రాసిన ప్రోగ్రామ్ అది. తర్వాత ఇక్కడ ఒక తరం పిల్లలు బడిలో దాన్ని ఆడుతూ పెరిగారు.

మిస్సోరి నుంచి ఆరెగాన్ దాకా, దాదాపు రెండు వేల మైళ్ళు ఎడ్లబండి తోలుకెళ్ళడమే ఆట. చివర్లో డాల్స్ అనే ఊరి దగ్గర ఒక ప్రశ్న వస్తుంది: కొలంబియా నదిలో తెప్ప మీద పోతావా, బార్లో టోల్ రోడ్డు మీద కొండ దాటుతావా? నేను ఆడినప్పుడల్లా టోల్ రోడ్డే ఎంచుకున్నాను. డబ్బులు కట్టి ఒక కీ నొక్కితే కొండ దాటేసినట్టే.

ఆ ఒక్క కీ వెనక ఉన్న కొండని చూడ్డానికి పోయినేడాది జూన్‌లో ఒక గురువారం మా నాన్నని తీసుకుని వెళ్ళాను.

గురువారం అని చెప్పడానికి కారణం ఉంది. అప్పటికి నా ఉద్యోగం పోయి ఇరవై రెండు రోజులు. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు. ఈలోగా ఇంకో కంపెనీ మన పేరు మీద పిటిషన్ వెయ్యాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. మా పాప పుట్టిందని అమ్మా నాన్నా అప్పుడే వచ్చి ఉన్నారు. వాళ్ళకి చెప్పలేదు. రోజూ పొద్దున్నే లాప్‌టాప్ సంచి తగిలించుకుని లైబ్రరీకి పోయేవాణ్ణి. ఆ రోజు లైబ్రరీకి పోబుద్ధి కాలేదు. "నాన్నా, ఇవాళ సెలవు. నీకు బండ్ల బాట చూపిస్తా, దా" అన్నాను.

పోర్ట్‌లాండ్ నుంచి 26వ నంబరు హైవే మీద మౌంట్ హుడ్ వైపు గంటకి పైగా ప్రయాణం. గవర్నమెంట్ క్యాంప్ అనే చిన్న ఊరు ఇంకాస్త దూరంలో ఉందనగా, రోడ్డు పక్కన లారెల్ హిల్ బోర్డు ఉంది. ఎగువ వాలులో కారాపాను. నేను బూట్ల తాడు కట్టుకునేలోపు నాన్న ఎక్కణ్ణుంచో ఒక రాయి తెచ్చి వెనక టైరు కింద పెట్టాడు.

"నాన్నా, దీనికి హ్యాండ్ బ్రేక్ ఉంటుంది."

"ఉంటే ఉండనియ్, రాయి కూడా ఉంటది."

పక్కన ఇంకో కారులోవాళ్ళు చూస్తున్నారు. నేను అటు తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టాను.

కాసేపు ఎక్కితే అడవిలో ఉన్నట్టుండి తారురోడ్డు ముక్క ఒకటి కనబడుతుంది. 1920ల్లో వేసిన పాత హైవే అది. నాచు పట్టి, రెండు పక్కలా ఫెర్న్ మొక్కలు కమ్ముకుని ఉంది. కింద ఇప్పటి హైవే మీద ట్రక్కుల మోత, పైన బండ్ల బాట, మధ్యలో ఇది. ఎవరూ డిలీట్ చెయ్యని పాత వెర్షన్ లాగా.

దారి పక్కన రోడోడెండ్రన్లు పూసి ఉన్నాయి. బళ్ళమీద వచ్చినవాళ్ళు ఈ ఆకుల్ని చూసి తమ ఊరి లారెల్ మొక్కలనుకున్నారట. కొండకి ఆ పేరు అలా వచ్చింది. ఈ సంగతి చెప్పబోయేలోపే నాన్న ఒక ఆకు తుంచి, "గన్నేరు జాతిరా ఇది" అన్నాడు. ఇంక చెప్పలేదు.

నేను చూద్దామనుకుంది గాళ్ళని. వయోమింగ్‌లో గర్న్‌జీ అనే చోట ఇసకరాయిలో బండి చక్రాలు అరగదీసిన గాళ్ళు అయిదడుగుల లోతున ఉంటాయి. ఫోటోల్లో అవి చూసి, ఇక్కడా అలాంటివే ఉంటాయనుకున్నాను. లారెల్ హిల్‌లో గాడి లేదు. చెట్ల మధ్య నిట్టనిలువుగా, రాళ్ళు దొర్లిన ఒక ఒరిపిడి ఉంది, అంతే. వర్షాకాలంలో వాగు దిగిన జాడ అనుకుని దాటిపోయేలా ఉంది. 60 శాతం వాలు అని చెప్తారు.

1845 దాకా డాల్స్ దగ్గర బండి బాట అయిపోయేది. అక్కణ్ణుంచి నది మీద తెప్పలే గతి, వాటిలో మునిగి పోయినవాళ్ళున్నారు. ఆ ఏడాది శామ్ బార్లో అనే ఆయన కొండకి దక్షిణంగా దారి తీస్తానని బయల్దేరాడు. తోడు వచ్చిన జోయెల్ పామర్ దారి వెతుకుతూ అక్టోబరులో మంచు మీదికి ఎక్కాడు. కాలి జోళ్ళు అరిగిపోయి కొంతదూరం వట్టికాళ్ళతోనే నడిచాడు. బళ్ళు మాత్రం దాటలేదు. వాటిని అడవిలో వదిలేసి మనుషులూ పశువులూ కాలినడకన బయటపడ్డారు. మరుసటి ఏడాది బార్లో చెట్లు కొట్టించి టోల్ రోడ్డు తెరిచాడు. బండికి అయిదు డాలర్లు, పశువుకి పది సెంట్లు. మొదటి ఏడాది 145 బళ్ళు వచ్చాయని లెక్క.

ఆ టోలు కట్టినవాళ్ళు దిగిన చోటే మేం చూస్తున్నది. బండి వెనక ఒక చెట్టు నరికి కట్టి ఈడ్పించేవాళ్ళు. లేదా చెట్టు మొదలుకి మోకు చుట్టి, కొంచెం కొంచెంగా వదులుతూ దించేవాళ్ళు. ఇదంతా నేను నాన్నకి గైడులాగా చెప్పాను. ఆయన తలెత్తి పైదాకా చూసి ఒకటే అడిగాడు:

"ఎడ్లనేం జేశారు?"

నాకు తోచలేదు. నేను చదివినవాటిలో మనుషుల డైరీలున్నాయి, బళ్ళ కొలతలున్నాయి. ఎడ్ల గురించి పెద్దగా పట్టించుకోలేదు.

"ఎక్కేటప్పుడు ఎద్దు బండిని లాగుద్ది. దిగేటప్పుడు బండి ఎద్దుని తరుముద్ది. ఎక్కడం కష్టమనుకుంటారు అందరూ. ఎద్దు దెబ్బతినేది దిగేటప్పుడే."

మా ఊరు వినుకొండ దగ్గర. ఊరి బయట వాగులోకి దిగే రేవు దగ్గర పత్తి బోరేల బండితో ఒకసారి జరిగింది చెప్పాడు. బరువంతా ముందుకొచ్చి కాడి మెడల మీద పడితే, ఎడమెద్దు ముందుకాళ్ళ మీద కూలబడింది. నాన్న కిందికి దూకి చక్రం కింద రాయి తోసి, బండి నిలబడ్డాక కాడి విప్పాడు. "అప్పుడు నువ్వు బండి మీదే ఉన్నావు, నాలుగేళ్ళోడివి" అన్నాడు. నాకు గుర్తులేదు. నన్ను ఇంజనీరింగ్‌లో చేర్చిన ఏడాది ఆ ఇంట్లో ఎడ్లు లేకుండా పోయాయి. అదొక్కటే గుర్తు.

ఒక రాయి మీద కూచున్నాం. "ఇంత కష్టపడి వచ్చినోళ్ళకి ఏం దక్కింది?" అని అడిగాడు. 1850 నాటి చట్టం సంగతి చెప్పాను. అప్పటికే వచ్చి చేరిన తెల్లవాడికి 320 ఎకరాలు, దంపతులైతే 640.

"ఎకరం ఎంతకి?"

"ఊరికే."

"ఎవరి భూమి?"

అమ్మకాలూ కొలతలూ చూస్తూ బతికిన రైతు ఆయన. మొదట అదే అడుగుతాడు. మంచులో వట్టికాళ్ళతో నడిచిన జోయెల్ పామరే తర్వాత ఇండియన్ వ్యవహారాల అధికారి అయ్యాడనీ, 1855లో ఇక్కడి తెగలతో ఒప్పందం రాయించుకున్నది ఆయనేననీ చెప్పాను. దాదాపు కోటి ఎకరాలు చేతులు మారింది. వాళ్ళకి మిగిలిన వార్మ్ స్ప్రింగ్స్ రిజర్వేషన్ ఇదే హైవే మీద ముందుకు పోతే వస్తుంది. నాన్న ఏమీ అనలేదు. నాకు మాత్రం ఇంకో కాగితం గుర్తొచ్చింది. 1920లో ఇదే ఆరెగాన్‌లోని ఫెడరల్ కోర్టు భగత్ సింగ్ థిండ్‌కి పౌరసత్వం ఇచ్చింది. ఆయన అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. 1923లో సుప్రీంకోర్టు, చట్టం చెప్పే 'తెల్లవాడు' భారతీయుడు కాడని తేల్చింది. దారి వేసినవాళ్ళకి మోకులూ గొడ్డళ్ళూ చాలినట్టు కనిపిస్తుంది గానీ, దిగాక ఎవరు ఉండొచ్చో తేల్చింది ఎప్పుడూ కాగితమే.

"నీ ఉద్యోగం పోయి ఎన్నాళ్ళయిందిరా?"

నేను ఆయన వైపు చూడలేదు.

"బేస్తారం నాడు కొండ చూపిచ్చేదానికి ఏ ఆఫీసోడు సెలవిస్తాడు? మొన్న నీ సంచి పక్కకి జరిపా. దూదిపింజ లెక్క లేచింది."

ఆఫీసు లాప్‌టాప్ మొదటి వారంలోనే వెనక్కి ఇచ్చేశాను. సంచిలో మా ఆవిడ పాత టాబ్లెట్, టిఫిన్ బాక్సు ఉండేవి.

"ఇంకెన్నాళ్ళు ఉండనిస్తారు?"

"ముప్ఫై ఎనిమిది రోజులు."

వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు. "మీ అమ్మకి నేను చెప్తాలే" అన్నాడు. ధైర్యం చెప్పలేదు, ఇంటికొచ్చెయ్యమనీ అనలేదు. కాసేపాగి ఆ ఒరిపిడి పక్కనే నాలుగడుగులు పైకెక్కి, కాలితో రాళ్ళు కదిపి చూసి వచ్చాడు.

యాభై నాలుగో రోజున ఇంకో కంపెనీవాళ్ళు పిటిషన్ వేశారు. జీతం తక్కువే. మళ్ళీ గాడిలో పడ్డాడని అమ్మ ఫోన్లో మా పిన్నికి చెప్తుంటే విన్నాను. ఇంగ్లీషులో గాడిలో ఇరుక్కోవడమంటే బతుకు ఎటూ కదలకపోవడం. మనకి గాడిలో పడటమంటే గండం గడవడం. పన్నెండేళ్ళు నేను మొదటి అర్థంలోనే ఉన్నానని విసుక్కునేవాణ్ణి. ఆ కొండ మీద గాడి కోసం వెతికినప్పుడు నాకు కావలసింది రెండోది. అక్కడ గాడి ఎందుకు లేదో ఇప్పుడు అర్థమవుతోంది. చక్రం సాఫీగా దొర్లిన చోటే గాడి పడుతుంది. అక్కడ బళ్ళు దొర్లలేదు, జారాయి.

ఆ రోజు దిగేటప్పుడు మెట్ల దగ్గర నాన్న నా భుజం పట్టుకున్నాడు, ఆయన మోకాళ్ళ కోసమే. కారు దగ్గరికొచ్చాక నేనెక్కి కూచున్నాను, ఆయన ఎక్కలేదు. ఇంజన్ స్టార్ట్ అయ్యేదాకా వెనకే నిలబడి, అప్పుడు వంగి రాయి తీసి పక్కన పెట్టాడు. తర్వాత వచ్చి కూచుని బెల్టు పెట్టుకున్నాడు.

"ఇంక పోనియ్" అన్నాడు.